చాబి ఎవలి తాన ఉంటది?

మా ఆఫీసులో ఇంగ్లీషులు రెండు ఉండేవి. కరీంనగర్‌లో చర్చి వెనక, ఒకప్పుడు ఆదివారం బడి నడిచిన రేకుల గదిలో మేం నలుగురం కూర్చుని బైబిలును మా ఉత్తర తెలంగాణ మాటలోకి తెచ్చేవాళ్లం. అచ్చు వేయడానికి కాదు, చదువురాని వాళ్లు ఫోన్లో వినడానికి. అచ్చులో ఉన్న తెలుగు బైబిలు మా అమ్మలాంటి వాళ్లు ప్రతి ఆదివారం వినేదే కానీ, అందులో సగం మాటలు చెవి దాకా వచ్చి అక్కడే ఆగిపోయేవి. మూల భాషలు మాకెవరికీ రావు. అవి వచ్చిన సలహాదారులు ఇద్దరు. ఒకరు ఇంగ్లండు ఉత్తరాన పుట్టిన పెద్దాయన. ఇంకొకరు అమెరికా ఆవిడ, నాకంటే చిన్నది. ఇద్దరూ కంప్యూటర్ తెర మీదే కనిపించేవాళ్లు, ఇద్దరూ ఇంగ్లీషులోనే విడమరిచి చెప్పేవాళ్లు. వాళ్లు చెప్పింది తెలుగు చేయడం నా పని. ఇంగ్లీషులో ఎమ్మే చేసి, పదేళ్లు స్కూల్లో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని కాబట్టి నాకు రాని ఇంగ్లీషు ఉండదనుకునేదాన్ని.

ఆ పొగరు మొదటి నెలలోనే దిగింది. విశ్రాంతి దినాన శిష్యులు చేనులో నడుస్తూ కంకులు తెంపుకుని, అరచేతుల్లో నలుపుకుని తిన్న సంగతి ఒకటుంది. పెద్దాయన తన నోట్సులో అది కార్న్ అని రాశాడు. ఆయన ఊళ్లో ఆ మాట ఏ గింజ పంటకైనా సరిపోతుందట. నా దగ్గరున్న నిఘంటువు అమెరికాది, అందులో కార్న్ అంటే మక్కలే, మొక్కజొన్న. కరీంనగర్ చుట్టూ ఎటు చూసినా మక్క చేన్లే కాబట్టి నాకు అనుమానమే రాలేదు. శిష్యుల్ని తీసుకెళ్లి మక్క చేనులో నడిపించాను. జమ్మికుంట పత్తి మార్కెట్టుకు వచ్చిన ఒక పెద్దావిడకు అది వినిపిస్తే, ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మక్క కంకి చేతుల నలుపుడేంది బిడ్డా? కాల్సుకొని తింటరు గని. గా మనుషులు ఎన్నడన్న చేన్ల కాలు పెట్టిండ్రా?"

జొన్న కంకైతే ఎట్లా నలుపుతారో, పొట్టు ఎట్లా ఊదుతారో ఉత్త చేతులతోనే చేసి చూపించింది. నేను 'కంకులు' అని మాత్రం రాసి బయటపడ్డాను. ఇంకోసారి డిన్నర్ దగ్గర పేచీ వచ్చింది. పెద్దాయనకు అది మధ్యాహ్నం తినేది, ఆవిడకు పొద్దుగూకాక తినేది. విందుకు పిలిచినవాడు ఎండపూట పిలిచాడా, దీపాలు పెట్టి పిలిచాడా అని ఇద్దరూ అరగంట సేపు ఎంతో మర్యాదగా కొట్లాడుకున్నారు. మేం మా మైకు ఆపేసి చాయ్ తాగాం.

మా పనిలో అసలు పరీక్ష వినిపించడం దగ్గరే. రాసిన భాగాన్ని ఒక మనిషికి రెండుసార్లు చదివి వినిపించాలి. విన్న మనిషి తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పేది చెప్పినట్టే రికార్డు చేయాలి, మధ్యలో దిద్దకూడదు. వినేవాళ్లు ఏమైనా అడిగితే జవాబు చెప్పకూడదు, ఆ ప్రశ్నను ఫారంలో రాసుకోవాలి. మన జవాబుతో అర్థమైతే అది మన గొప్పే అవుతుంది కానీ రాసినదాని గొప్ప కాదు కదా. ఇంకో నియమం, వినే మనిషి మన చుట్టం కాకూడదు. ఫారం చివర రెండు గడులుండేవి. ఒకటి 'అర్థమైంది', రెండోది 'అర్థం కాలేదు'. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి.

మా అమ్మానాన్నలు, మా మాటలో అవ్వ, బాపు, మందమర్రిలో కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లు. బాపు భూమి కింద బొగ్గు ఎత్తిన మనిషి. పెళ్లైన కొత్తలో, ఇంకా ఊళ్లో ఉన్నప్పుడు, మా పెదబాపు ఇంట్లో వాళ్లిద్దరికీ ఒక అర్ర, అంటే ఒక గది, ఇచ్చారట. దానికి తలుపు లేదు. అవ్వ తన పాత చీర అడ్డం కట్టుకుందట. ఎవరు ఎప్పుడైనా చీర పక్కకు జరిపి లోపలికి వచ్చి గంప తీసుకునేవాళ్లు, గింజలు తీసుకునేవాళ్లు. ఆ రెండేళ్ల సంగతి అవ్వ ఎప్పుడు చెప్పినా ముఖం అటు తిప్పుకుని చెప్పేది. బాపుకు గనిలో పని దొరికి క్వార్టర్ వచ్చిన వారమే ఆయన ఒక ఇత్తడి తాళం కొనుక్కొచ్చి అవ్వ చేతిలో పెట్టాడట. ప్రతి శనివారం అవ్వ గడప కడిగి, తలుపు తుడిచి, ఆ తాళానికి ఒక చుక్క కొబ్బరినూనె వేసేది. చాబి మాత్రం మెడలో నల్లదారానికి ఉండేది. మా లైన్లో అందరూ బంగారం వేసుకుంటే మా అవ్వ చాబి వేసుకుందని బాపు ఎగతాళి చేసేవాడు.

బాపు రిటైరయ్యాడు. క్వార్టర్ కంపెనీది కాబట్టి కొన్ని నెలల్లో ఖాళీ చేయాలి. ఆ సంగతి కాలనీలో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. ఆయన పొద్దున్నే సైకిలు తీసి ఇల్లు వెతకడానికి పోయేవాడు. "నేను ముందుగాల పోయి మంచిది సూసొస్త. నువ్వు జర ఓపిక పట్టు, పరేషాన్ కాకు" అని రోజూ గడపలో నిలబడి చెప్పి పోయేవాడు. నాలుగు ఇళ్లు చూశాడు. ఒకదానికి నీళ్లు లేవు, ఒకదానికి వెలుతురు లేదు. ఐదోది చూడకముందే ఊపిరితిత్తులు ఆయన్ను మంచాన పడేశాయి. పద్నాలుగు రోజులు దగ్గి పోయాడు. భూస్థాపన అయిన నెలకు నోటీసు వచ్చింది. అది ఎవరి తప్పూ కాదు. ఆ ఇంటి కోసం ఇంకో కుటుంబం ఎదురు చూస్తోంది.

నేను ఒక్కదాన్నే బిడ్డను. అవ్వను నా దగ్గరికి రమ్మని వెంటనే పిలవాల్సింది. పిలవలేదు. కరీంనగర్‌లో మాకు రెండు గదుల పోర్షన్. మా ఆయన, ఇద్దరు పిల్లలు, మా మామగారు. ఎక్కడ పడుకోబెట్టాలి, ఏం చేయాలి అని లెక్కలు వేసుకుంటూ రోజులు గడిపాను. అవ్వ అడగలేదు. ఆమె అడిగే మనిషి కాదు.

సరిగ్గా అప్పుడే మా పని యోహాను సువార్తలో ఆ భాగానికి వచ్చింది. ప్రభువు శిష్యులను విడిచి వెళ్తూ దిగులు పడొద్దని చెబుతాడు. తండ్రి ఇంట చోటు చాలా ఉందని, తాను ముందు వెళ్లి సిద్ధం చేసి తిరిగి వచ్చి తీసుకుపోతానని అంటాడు. పాత ఇంగ్లీషు బైబిలులో అక్కడ మాన్షన్స్ అని ఉంది. అమెరికా ఆవిడ ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపింది. వాళ్ల దేశంలో అది కోటీశ్వరుల బంగళా అట, తోట, గేటు, కావలి. అది వద్దు, గదులు అనండి, ఒకే ఇంట్లో తండ్రి దగ్గర గదులు, ఎంత ఆప్యాయంగా ఉంటుంది అంది. పెద్దాయన నవ్వాడు. వాళ్ల వైపు మాన్షన్స్ అని బోర్డు రాసి ఉండేవి వరుసగా కట్టిన మామూలు కాపురాలట, ఒక్కొక్కరికి ఒక్కో తలుపు. గది అంటే నాకు అద్దెకుండే కుర్రాడు గుర్తొస్తాడు, ఇళ్లు అనండి అన్నాడు. ఆయనకు ఆయన వీధి, ఆవిడకు ఆవిడ వీధి. మా వీధి సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చివరికి 'ఇండ్లు' అని ఒకటి, 'అర్రలు' అని ఒకటి రెండు రకాలుగా రాసి, రెండూ వినిపించి రమ్మన్నారు.

వినడానికి ఒప్పుకున్న ఆమె మందమర్రిలో అవ్వ వాళ్ల వెనక లైన్లో ఉండేది. నేను పోయేసరికి ఆమె పెళ్లికని జైనూర్ పోయిందని తెలిసింది. మర్నాడే ఫారం ఇవ్వాలి. చేసేది లేక అవ్వను కూర్చోబెట్టాను. అసలు అంతకంటే మంచి శ్రోత ఎక్కడ దొరుకుతుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఫారంలో 'స్త్రీ, అరవై దాటినది, చదువు లేదు' అని రాశాను. చుట్టమా అన్న చోట కాదు అని రాశాను.

మొదట 'ఇండ్లు' అని రాసినది రెండుసార్లు చదివాను. అవ్వ కళ్లు మూసుకుని విన్నది.

"ఏమున్నది బిడ్డా. ఆయన పోతుండు. వీళ్లు ఏడుస్తుండ్రు. ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు. మా బాపు తాన ఇండ్లు శాన ఉన్నయి, మన క్వార్టర్ల లెక్క లైన్లకు లైన్లు. నేను ముందుగాల పోయి మీకోటి రాయించి, ఊడ్సి కడిగి పెట్టి, మల్ల నేనే వచ్చి తోలుకపోత అన్నడు. గక్కడ నోటీసు రాదు."

ఆమె గొంతులో ఎన్నో రోజుల తర్వాత కొంచెం ప్రాణం వచ్చింది. నేనేమో పంతులమ్మనై కూర్చున్నాను.

"నోటీసు అని నేను సదవలే కదవ్వా. క్వార్టర్లని కూడ అనలే."

"అనలేదా? నాకేమెరుక బిడ్డా. నాకట్ల ఇనబడ్డది."

దిద్దకూడదన్న నియమం అట్లా పోయింది. తర్వాత 'అర్రలు' అని రాసినది రెండుసార్లు చదివాను. అవ్వ మెడలోని చాబిని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది.

"ఆల్ల బాపు ఇంట్ల అర్రలున్నయట. మనకొక అర్ర ఇస్తరట" అంది. తనలో తను, "ఒగలింట్ల ఉండుడన్నట్టు" అంది. నా వైపు తిరిగి అడిగింది.

"గా అర్రకు తలుపున్నదా బిడ్డా? చాబి ఎవలి తాన ఉంటది?"

చుట్టం కాకూడదన్న నియమం తప్పాను, అబద్ధం రాశాను, దిద్దాను. ప్రశ్నకు జవాబు చెప్పకూడదన్న ఒక్క నియమం మాత్రం తు.చ. తప్పకుండా పాటించాను. "అడిగినయి రాసుకోవాలె గని చెప్పొద్దవ్వా" అని నవ్వి, ఫారంలో రాసుకున్నాను. "మంచిదే, రాస్కో" అని ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. 'ఇండ్లు' ఫారంలో, శ్రోత వాక్యంలో లేని సంగతులు కలుపుతోంది అని రాసి 'అర్థం కాలేదు' గడిలో టిక్కు పెట్టాను. 'అర్రలు' ఫారంలో 'అర్థమైంది' దగ్గర పెట్టాను. తలుపుందా, చాబి ఎవరి దగ్గర ఉంటుంది అన్న ప్రశ్నలు విషయానికి సంబంధం లేనివి అని రాశాను. అది నా చేతిరాతే, ఇప్పటికీ ఫైల్లో ఉంది.

తర్వాతి సమావేశంలో పెద్దాయన నా ఫారాల ఇంగ్లీషు అనువాదం చదివి కళ్లద్దాలు తీశాడు. ఈమెకు అర్థం కాలేదని ఎందుకు రాశారు, ఇంత బాగా అర్థం చేసుకున్నవాళ్లను నేను ఈ మధ్య చూడలేదు అన్నాడు. ఎవరీమె అని అడిగాడు. మా అవ్వ అని చెబితే ఫారం అబద్ధమని తేలుతుంది. కాలనీలో ఒకామె అన్నాను. తాళంచెవి గురించి అడిగింది కదా, ఏం చెప్పారు అన్నాడు. చెప్పకూడదు కదా అన్నాను. అవును, అప్పుడు చెప్పకూడదు, పని అయ్యాక ఏం చెప్పారని అడుగుతున్నా అన్నాడు. నేను తర్వాతి భాగం ఫారం తీశాను. ఫారాలు 'అర్రలు' వైపు ఉన్నాయి కాబట్టి 'అర్రలు' ఖాయమైంది.

క్వార్టర్ ఖాళీ చేసే రోజు అవ్వ ఇల్లంతా కడిగింది. రేపు ఎవరో వచ్చి ఎలాగూ కడుక్కుంటారని ఎంత చెప్పినా వినలేదు. కంపెనీ మనిషి తన తాళం వేసుకున్నాక, అవ్వ తన ఇత్తడి తాళాన్ని కొంగుతో తుడిచి ట్రంకులో పెట్టుకుంది.

"తలుపు లేని తాళం ఎందుకే అవ్వా?" అని ఆట పట్టించాను.

"ఉండనియ్ తియ్. బరువా ఏమన్ననా" అంది.

మా హాల్లో ఒక మూల మంచం వేసి, మా ఆయన తీగ కట్టి కర్టెన్ వేలాడదీశాడు. పూల కర్టెన్, కొత్తది, నేనే ఎంచి కొన్నాను. అవ్వ తన ట్రంకును మంచం కిందికి తోసుకుంది. నాకు అప్పుడు పెదబాపు ఇంట్లో చీర గుర్తు రాలేదు. ఒట్టేసి చెబుతున్నాను, రాలేదు. వచ్చి ఉంటే కనీసం ప్లైవుడ్డు తలుపైనా పెట్టించేదాన్ని అనుకుంటాను, పెట్టించేదాన్నో కాదో కూడా ఇప్పుడు నాకు నమ్మకం లేదు. పిల్లలు బంతి కోసం కర్టెన్ జరిపి మంచం కిందికి దూరేవాళ్లు. మామగారి పాత పేపర్లు ఆ మూలే ఉండేవి, ఆయనా వచ్చి తీసుకునేవాడు. అవ్వ ఎవరు వచ్చినా లేచి నిలబడేది. ఫ్రిజ్ తీయాలంటే నన్ను అడిగేది. నా ఇంట్లో మా అవ్వ నీళ్లు అడిగి తాగింది.

ఆ తర్వాత ఇంకా చాలా భాగాలు ఆమెకు చదివి వినిపించాను. ఒక్కటీ తిరిగి చెప్పలేదు. "నాకేమెరుక బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అనేది. రికార్డు బయటికి వచ్చిన రోజు ఆమె మంచం మీద కూర్చుని ఇద్దరం ఫోన్లో విన్నాం. ఆ భాగం వచ్చింది. తండ్రి ఇంట శాన అర్రలున్నయి అని మంచి గొంతున్న మనిషి చదివాడు. నేను ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

"మంచిగ సదివిండు" అంది అవ్వ. కర్టెన్ అంచు సరి చేసింది.

వానాకాలంలో జ్వరం వచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాలుగో రోజు పొద్దున నేను ఇంటికి వచ్చి స్నానం చేసి అన్నం సర్దుకుంటుంటే ఫోన్ వచ్చింది. బాపు పక్కనే పెట్టాలి కాబట్టి మందమర్రి తీసుకుపోవాలి. చీర కోసం ట్రంకు తెరిచాను. అడుగున పాత పంచె ముక్కలో చుట్టిన ఇత్తడి తాళం దొరికింది. గుడ్డకు కొబ్బరినూనె తడి ఇంకా ఉంది. మా ఇంట్లో ఉన్న ఎనిమిది నెలలూ ఆమె ప్రతి శనివారం దానికి నూనె వేస్తూనే ఉంది. ఆ కర్టెన్ వెనక, ఎవరూ రాని సమయం చూసుకుని వేసి ఉంటుంది. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను. మా ఆయన వచ్చి చీర దొరకలేదా అని అడిగాడు.

మందమర్రిలో పాస్టరు అయ్యగారు అచ్చు బైబిలులోంచి ఆ భాగమే చదివారు. అందులో ఆ మాట ఇండ్లూ కాదు, అర్రలూ కాదు, నివాసాలు. మా పాత లైన్ వాళ్లంతా తలలు వంచుకుని విన్నారు. పెట్టె మూయడానికి ముందు కడసారి చూసుకొమ్మని నన్ను పిలిచారు. ఆమె మెడలో నల్లదారం అలాగే ఉంది. ఆసుపత్రి వాళ్లు కూడా దాన్ని తీయలేదు. చాబిని దారం నుంచి విప్పి ఆమె కుడి అరచేతిలో పెట్టాను. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి, ఒక్కొక్కటే వంచి మూశాను.

"నీ తాన్నే ఉంటదవ్వా" అన్నాను. "చాబి నీ తాన్నే ఉంటది."

నేను ప్రార్థన చేస్తున్నాననుకుని వెనక ఎవరో ఆమెన్ అన్నారు.